ఫోన్ పట్టుకున్న మనిషి

మా బావ ఫ్రిజ్‌లు, ఏసీలు, పాలకేంద్రాల్లో కూలింగ్ ట్యాంకులు బాగుచేస్తాడు. మా మేనత్త కొడుకు కాబట్టి, అతన్నే పెళ్లి చేసుకున్నాక కూడా నాకు ఆ పిలుపే నిలిచిపోయింది. మార్కాపురంలో త్రిపురాంతకం పోయే రోడ్డు పక్కన అతని షాపు. నేను ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచర్ని.

ఆస్ట్రేలియా వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలంటే ముందు అతనికి పని నిజంగా వచ్చో రాదో అక్కడి అధికారులు పరీక్షించాలి. మొదట వీడియోలో ఇంటర్వ్యూ. షాపులోనే పనిముట్లు చూపిస్తూ ఇంగ్లీషులో జవాబులు చెప్పాలి. ఫోన్ పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండొచ్చు గానీ, ఆ మనిషి నోరు విప్పకూడదు. నేను పట్టుకుంటానన్నాను.

ఆ పొద్దున షాపు ముందు సగం షట్టరు దించాం. తెరమీద నెరిసిన జుట్టు అధికారి కనిపించాడు. మర్యాదగానే మొదలుపెట్టాడు. గ్యాస్ లీకును ఎలా పట్టుకుంటావని అడిగితే, బావ నైట్రోజన్ సిలిండరు చూపించి, సబ్బునురగ ఎక్కడ పూయాలో చూపించి, తనకు వచ్చిన ఇంగ్లీషులో నెట్టుకొచ్చాడు. నా గుండె కాస్త కుదుటపడింది.

తర్వాత, మెషిన్ విప్పే ముందు దాన్ని ఎలా ‘ఐసొలేట్’ చేస్తావని అడిగాడు.

బావ మెయిన్ స్విచ్ తీసి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా తాళం బిగించి, టెస్టరుతో చూసుకుని గానీ చెయ్యి పెట్టని మనిషి. రోజూ చేసే పనే. ఆ మాట ఒక్కటే తెలియదు. అధికారి మళ్లీ అడిగాడు. బావ తల ఎత్తి నావైపు చూశాడు. నాకు తెలుసు, చెప్పకూడదు. పెదవులు బిగబట్టి, రెప్ప కూడా కదపకుండా నిలబడ్డాను.

“కెమెరా వెనక ఉన్నదెవరు?” అన్నాడు అధికారి.

“మై వైఫ్ సార్.”

“ఆమె ఏం చేస్తుంది?”

“ఇంగ్లీష్ టీచర్.”

అధికారి ముఖం మారిపోయింది. ఫోను నావైపు తిప్పమన్నాడు. తిప్పాను. ఏమైనా సైగలు చేస్తున్నారా అని నన్నే సూటిగా అడిగాడు. లేదన్నాను. ఫోను ఎక్కడైనా ఆనించి మీరు బయటికి వెళ్లాలి, లేకపోతే ఇంటర్వ్యూ ఇక్కడితో ఆపేస్తాను అన్నాడు.

పాత కంప్రెసరు మీద ఫోను ఆనించి, పడిపోకుండా పానాల పెట్టె అడ్డం పెట్టి, షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చాను. వచ్చేముందు బావ ముఖం చూడలేదు. చూస్తే దాన్నీ సైగ అంటాడేమోనని భయం.

బయట పలకల లోడుతో లారీలు పోతున్నాయి. ఒక్కొక్కటి హారన్ కొట్టినప్పుడల్లా ప్రాణం పోతోంది. లోపలినుంచి ఏమీ వినపడటం లేదు. ఇంతలో పెద్దారవీడు ఊరాయనెవరో టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని వచ్చాడు.

“ఏందమ్మా, షట్టరు దించినారు?”

“లోపల పరీక్ష జరుగుతాంది అన్నా. కొంచెం మెల్లగా మాట్లాడు.”

“ఏం పరీక్ష? రక్తందా?”

నవ్వొచ్చే పరిస్థితి కాదు. చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నట్టు ఊపాను. పాపం, ఆయన ఫ్యాను కింద పెట్టి నా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు వినపడింది బావ గొంతు. “సార్, దిస్ వర్డ్ ఐ డోంట్ నో. ప్లీజ్ టెల్ అనదర్ వే.”

అధికారి ఏదో అన్నాడు. వెంటనే బావ అందుకున్నాడు. స్విచ్చు, తాళం, టెస్టరు... మాటలు తప్పుల తడకే, కానీ తడబాటు లేదు. మెయిన్ బోర్డు తలుపు తీసిన చప్పుడు వినపడింది. నేను షట్టరుకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాను.

చాలాసేపటికి షట్టరు పైకి లేచింది. బావ చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

“నావల్లే కదా బావా అట్ల అయింది?” అన్నాను.

“నువ్వేం చేసినావే? నేనే నిన్ను చూసినా. నువ్వు బయటికి పోయినంక ఇంక చూసేదానికి ఎవరూ లేరు. అందుకే అడిగేసినా ఆయన్నే.”

ఆ మాటకు సంతోషపడాలో నొచ్చుకోవాలో తెలియక, బడికి ఆలస్యమవుతోందని వచ్చేశాను. దారంతా అదే మనసులో నలిగింది. అతనికి సాయం నేనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ.

కొన్ని వారాలకు మెయిలొచ్చింది. ఇంటర్వ్యూ పాసయ్యాడు, ఇక ప్రాక్టికల్‌కు పట్నం వెళ్లాలి. నేను రానా అని అడగలేదు, రమ్మని అతనూ అనలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒక్కడే బస్సెక్కాడు. ఆ రోజు తరగతిలో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. సాయంత్రం ఫోన్ చేసి, “అయిపాయ. బానే చేసినా. ఆకలైతాంది, తినేసి మాట్లాడతా” అని పెట్టేశాడు.

అందులోనూ పాసయ్యాడు. వీసా ఇంకా రాలేదు.