తలుపులక్క ఇంట్లో చిలుక

పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. అందరికీ తలుపులక్కే. పెట్టెలు తెచ్చే లారీ డ్రైవర్లకీ, తూకం చూసే గుమాస్తాకీ, ఆఖరికి ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన మేనేజరుకీ అక్కే.

ఆ గిడ్డంగికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటాయి. మధ్యలో ఒక మనిషీ ఒక తోపుడుబండీ పట్టేంత ఇరుకు గది. బయటి తలుపు తెరిచి ఉన్నంతసేపూ లోపలిది ముట్టుకోకూడదు. లోపలిది తెరిచి ఉంటే బయటిది ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి తెరుచుకున్నాయంటే వేడిగాలి లోపలికి కొడుతుంది. ముందువరస పెట్టెల్లో పళ్ళు చెమరుస్తాయి, వారం తిరక్కుండా మచ్చ తేలతాయి. అందుకని గడియ మీద చెయ్యి వేసే ముందు "తలుపు?" అని కేక వెయ్యాలి. అవతలివాళ్ళు తమ తలుపు మూసి, "మూశా" అనాలి. ఆ మాట వినపడ్డాకే గడియ తియ్యాలి. పద్దెనిమిదేళ్ళలో ఆమె డ్యూటీలో రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్న రోజు లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం అక్కణ్ణించి కదలదు.

ఇంట్లో మూడు పిల్లులు. మూడూ గిడ్డంగి ఆవరణలో దొరికినవే. రోజంతా పడుకుని, అన్నం వేళకు మాత్రం లేచి అందరినీ అజమాయిషీ చేసేదానికి మేనేజరని పేరు. రెండోది బూడిద. మూడోదాని ఎడమ వెనక కాలు చిన్నప్పుడే బండి చక్రం కింద పడింది. అది కుంటిది. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. "పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ళని చాలామందిని చూశా. ఇంటినే పిల్లులకి రాసిచ్చిన మనిషిని నిన్నే చూశా" అంటాడు. అంటూనే తన కంచంలోంచి ఓ ముద్ద కిందపెడతాడు.

అలాంటి ఇంటికి చిలుక రావలసి వచ్చింది.

భర్తకు ఒక అక్క ఉంది. ఒక పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి, పెళ్ళి ఊసెత్తనివ్వకుండా తన బతుకు తాను బతికిన మనిషి. ఆమెకు తోడు ఇరవై రెండేళ్ళ చిలుక ఒకటి. "లైన్లో ఉండండి", "ఆయన సీట్లో లేరు", "మళ్ళీ చెయ్యండి" అని అచ్చం ఆమె గొంతుతోనే మాట్లాడుతుంది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు సగంసార్లు చిలుకతో మాట్లాడి పెట్టేసేవాడు. ఆ వదిన ఎత్తుపీట మీంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక, మూడు నెలలు ఒంటరిగా ఉండటానికి వీల్లేదన్నాడు డాక్టరు.

"మా ఇంటికొచ్చెయ్ అక్కా" అన్నాడు తమ్ముడు, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి.

"చిలుక లేనిచోటికి నేను రాను. పిల్లుల కొంపకి చిలుకని తెచ్చుకోను. విరిగింది ఎముకేగాని, మతి కాదు."

"అయితే పిల్లుల్ని మూడు నెలలు గిడ్డంగికి పంపించేద్దాం."

మంచానికి అవతల ఉన్న తలుపులక్క అందుకుంది. "పిల్లులు ఎక్కడికీ వెళ్ళవు. వదినా, మీరూ చిలుకా రండి. నాకు పదిరోజులు టైమివ్వండి చాలు."

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. "అమ్మాయ్, ఒక్క ఈక రాలిందంటే ఆ పూటే బండెక్కుతా. నడవలేకపోతే మోయించుకుని పోతా. ఆ తర్వాత ఎవరు పిలిచినా రాను."

"ఒప్పుకున్నా" అంది తలుపులక్క.

వెనక గదికీ హాలుకీ మధ్య మూడడుగుల నడవ ఒకటి ఉండేది. చీపుళ్ళూ పాత బకెట్లూ పెట్టుకునే చోటు. దాన్ని ఖాళీ చేయించింది. హాలు వైపు పాత తలుపు ఉండనే ఉంది. గది వైపు కొత్తగా చెక్కచట్రం కట్టించి సన్నటి ఇనపజాలీ తలుపు వేయించింది. ప్లాస్టిక్ వల చవకన్నాడు భర్త. "బూడిద గోరుకి ఒక్క పూట ఆగదు" అంది. కిటికీకి రెండు పొరల జాలీ. పంజరాన్ని పైనుంచి వేలాడదీయలేదు, ఊగితే పిల్లికి మోజు పుడుతుందని. గోడకు ఆనించి బరువైన బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళను నేలకు బిగించింది. వెనక గోడ ఉంటే, ఎటునించి ఎవరొస్తారోనన్న బెదురు పక్షికి సగం తగ్గుతుంది. పిల్లులకూ లోటు చెయ్యలేదు. హాల్లో నడవకు దూరంగా, వీధి కనపడేలా ఎత్తుమీద ఒక అరుగుబల్ల కొట్టించింది. పిల్లిని ముట్టుకున్న చెయ్యి కడుక్కోకుండా ఎవరూ వెనక గదిలోకి పోకూడదు. సాయంత్రం నాలుగింటికి పిల్లుల్ని తాడుతో అలసిపోయేదాకా ఆడించి, కడుపునిండా తిండి పెట్టి, అవి కునుకు తీశాకే లోపల చిలుకను పంజరంలోంచి వదలాలి. ఇక తలుపుల పద్ధతి గిడ్డంగిలోదే. "తలుపు?" "మూశా."

"పిల్లిని కాపలా పెట్టి చిలుకని పెంచుతున్నారటగా" అంది పక్కింటావిడ.

"కాపలా పిల్లిది కాదండీ, నాది" అంది తలుపులక్క.

వదిన వచ్చింది. మొదటి వారమంతా జాలీ తలుపుకేసి చూస్తూ నిద్రలేకుండా గడిపింది. రెండో వారానికి నిద్రపోయింది. మూడో వారానికి వాకరు పట్టుకుని హాల్లోకి నడిచొచ్చేది. ఆమె నడుస్తుంటే కుంటిది అరుగుబల్ల దిగి పక్కనే నడిచేది.

"ఇద్దరికీ ఎడం కాలేనే" అంది వదిన ఒకరోజు దానితో. తలుపులక్క వంటింట్లోంచి విని, విననట్టు ఊరుకుంది.

ఆరోవారం, ఒక ఆదివారం సాయంత్రం. పిల్లులు తిన్నాయి, పడుకున్నాయి. తలుపులక్క పళ్ళెంలో రెండు టీకప్పులు పెట్టుకుని నడవ దగ్గరకొచ్చింది. కుంటిది ఎప్పుడు లేచిందో, కాళ్ళ దగ్గర ఉంది. ఉంటే ఏం, లోపలిది మూసి ఉంటుందిగా.

"తలుపు?"

"మూశా" అంది వదిన గొంతు.

మోచేత్తో గడియ లేపింది. తలుపు తెరుచుకుంది, అడుగు నడవలో పడింది. మూడడుగుల అవతల జాలీ తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద వాకరుతో వదిన, నోట్లో పళ్ళమధ్య జడపిన్ను. ఆమె మాట్లాడనే లేదు. బీరువా మీద చిలుక మెడ సాచి, తాను చేసిన ఘనకార్యానికి మెచ్చుకోలు ఎప్పుడొస్తుందా అన్నట్టు చూస్తోంది.

కుంటిది వాకరు కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది.

గిడ్డంగిలో కొత్తవాళ్ళకు ఆమె నేర్పేది ఒకటే. రెండూ తెరుచుకుంటే పళ్ళకేసి చూడొద్దు, ముందు చేతికందిన తలుపు మూసెయ్యి. ఆలోచన రాకముందే ఆమె మడమ వెనక్కి తన్నింది. హాలు తలుపు మూసుకుంది. మిగతా రెండు పిల్లులూ అవతలే ఉండిపోయాయి. కప్పులు నేలపాలయ్యాయి. కుంటిది మంచమెక్కి, బల్లెక్కి, మూడు కాళ్ళతోనే బీరువా మీదికి ఎగిరింది. చిలుక లేచింది. పంజా తోకకు తగిలింది. చిలుక గోలగా అరుస్తూ పోయి కర్టెన్ కడ్డీని కరుచుకుంది. తలుపులక్క కుర్చీ మీది దుప్పటి లాగి పిల్లి మీద కప్పి, మూటలా చుట్టి, నడవలోకొచ్చింది. ఆ కంగారులో కూడా వెనక జాలీ తలుపు మూశాకే ముందు తలుపు తీసింది.

నేల మీద రెండు పచ్చ ఈకలున్నాయి.

తలుపులక్క చేతులు కడుక్కుని, చిలుకను చిన్న పెట్టెలో పెట్టి, పశువుల డాక్టరు ఇంటికే పరిగెత్తింది. ఆయన దీపం పెట్టి ఈకలు పాయలు తీసి చూశాడు.

"చర్మం తెగలేదు. అయినా మందు ఐదు రోజులు వెయ్యండి. పిల్లి గోరు గీసుకున్నా, పంటి తడి అంటినా పక్షికి విషమే. రక్తం లేదుకదా, రేపు చూద్దాంలే అనుకుంటారు అందరూ. రేపటికి పక్షి ఉండదు. మీరు గంటలోపే తెచ్చారు."

ఇంటికొచ్చేసరికి భర్త హాల్లో నిలబడి ఉన్నాడు. "ఇక చాలు. రేపే పిల్లుల్ని పంపించేస్తా."

వదిన కుర్చీలో కూర్చుని ఉంది. అరచేతిలో ఈకలు.

తలుపులక్క చిలుకను గదిలో దింపి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. "పిల్లి దాని పని అది చేసింది. నా పని నేను చెయ్యలేదు. గొంతు విన్నా, తలుపు చూళ్ళేదు. వదినా, మాట మాటే. మీరు వెళ్తానంటే బండి నేనే పిలుస్తా. అంతేగాని నా తప్పు తీసుకెళ్ళి ఆ మూగజీవాల నెత్తిన రుద్దను."

వదిన ఈకల్ని చూస్తూనే అంది. "మా చిలకగాడు ఆ ముక్క నేర్చి నాలుగు రోజులైంది."

"ఏ ముక్క?" అన్నాడు తమ్ముడు.

"మూశా అని. నా గొంతు అచ్చుగుద్దినట్టు దింపాడు. ముందే చెబితే ఏం బాగుంటుంది, మీరంతా ఉన్నప్పుడు అనిపించి నవ్వుదామనుకున్నా. మురిసిపోతూ కూర్చున్నా, ముసలి బుద్ధి." ఈకల్లో ఒకటి తీసి తలుపులక్క చేతిలో పెట్టింది. "ఇది నీది. ఇది నాది. బండి వద్దు. కానీ అమ్మాయ్, ఇక మాటని నమ్మి తలుపు తియ్యకూడదు. నాదైనా సరే."

మర్నాడు గిడ్డంగి నుంచి రాగానే తలుపులక్క నడవలో నేల మీద చతికిలపడి, రెండు తలుపులకేసీ మార్చిమార్చి చూసింది. చెప్పే మనిషితో పని లేకుండా తలుపే తలుపుకు చెప్పాలి. భర్త దగ్గర పాత కుట్టుమిషన్ల చక్రాలు ఉండనే ఉన్నాయి. గట్టి తాడు తెమ్మంది. లోపలి తలుపు పూర్తిగా మూసి ఉంటేనే తాడు బిగుసుకుని బయటి తలుపు గడియను పైకి లేపుతుంది. లోపలిది వేలెడు తెరిచినా చాలు, తాడు వదులై గడియ టక్కున పడిపోతుంది. బయటి తలుపు నుంచి లోపలిదానికీ అలాంటిదే మరొకటి.

మొదటిసారి తాళ్ళు పెనవేసుకుని రెండు గడియలూ ఒకేసారి పడ్డాయి. భర్త నడవలో ఇరుక్కుపోయాడు.

"ఏమే, తియ్యవే!"

"లైన్లో ఉండండి" అంది లోపల్నుంచి చిలుక.

అరగంట లైన్లోనే ఉన్నాడు. మూడో ప్రయత్నానికి గడియలు చెప్పినట్టు విన్నాయి. వదిన వాకరుతో వచ్చి, అటు నెట్టి, ఇటు లాగి, రెండూ ఒకేసారి తెరవాలని తన ఆపరేటరు తెలివంతా ఉపయోగించి చూసింది. తెరుచుకోలేదు. ఆ సాయంత్రం చిలుక నలభైసార్లు "మూశా" అంది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అలిగి మానేసింది.

సంగతి గిడ్డంగికి పాకింది. వదినగారిని పరామర్శించే మిషతో మేనేజరు ఇంటికొచ్చాడు. పరామర్శ రెండు నిమిషాల్లో ముగిసింది. ఆ తలుపుల్ని మాత్రం పదకొండుసార్లు తెరిచి మూశాడు.

"అక్కా, దీన్ని ఇనుముతో చేయించి మన దగ్గర పెడదాం. నువ్వే దగ్గరుండి చూడాలి" అన్నాడు. వెళ్తూ అరుగుబల్ల మీద పడుకున్న లావుపాటి పిల్లిని చూసి, "బాగుందే. దీని పేరేంటి?" అని అడిగాడు.

భర్తకు పొలమారింది.

"దానికింకా పేరు పెట్టలేదండీ" అంది తలుపులక్క.

మూడు నెలలు నిండాయి. వదిన చేతికర్రతో నడుస్తోంది. ఇంటికి వెళ్ళొచ్చన్నాడు డాక్టరు. ఆమె సామాను సర్దుకుంటూ, చీర మడతపెట్టినంత మామూలుగా అంది. "కుంటిదాన్ని కూడా తీసుకెళ్తా."

"అక్కా, చిలుకతోపాటా? నీకు మతి..."

"మతి బాగానే ఉంది. ఎముక కూడా అతుక్కుంది. అదీ నేనూ కలిసి నడక నేర్చుకున్నాం. ఇక్కడ వదిలిపెడితే పొద్దున్నే నా పక్కన ఎవరు నడుస్తారు?"

తలుపులక్క వదినకేసి చూసింది. ఒక్క ఈక రాలితే బండెక్కుతానన్న మనిషి. "తలుపులు లేని ఇంటికి దాన్ని పంపను" అంది చివరికి.

"అందుకే కదా ముందు నిన్ను రమ్మంటున్నది."

అలా ఒక సెలవురోజు ఆమె కొలతల టేపుతో వదిన ఇంట్లో నిలబడింది. వడ్రంగి అప్పటికే సున్నంతో నేల మీద గీత గీసి ఉన్నాడు.

"మూడడుగులు చాలదు, నాలుగు కావాలి. ఆవిడ కర్రతో లోపల నిలబడి వెనక్కి తిరగాలి. ఈ గడప తీసెయ్యండి. జాలీ కింద అంచుకి రేకు కొట్టాలి" అంది తలుపులక్క.

వడ్రంగి చెవి మీది పెన్సిలు తీశాడు. "ఒక్క పిట్టకి ఇంత హంగామానా అమ్మా? పిల్లిని తెచ్చుకోకపోతే సరిపోయేదిగా. అయినా ఈవిడెవరు, ఇంజినీరా?"

"మా తమ్ముడి భార్య" అంది వదిన. కర్ర నేలకు ఆనించి కుర్చీలోంచి లేచింది. "పెద్ద గిడ్డంగిలో తలుపులు చూస్తుంది. అక్కడ ఇప్పుడు పెట్టిన ఇనపగడియలు ఈమె చేయించినవే. నా చిలుక మూడు నెలలు ఈమె చేతిలో ఉంది, మూడు పిల్లుల మధ్య. ఈమె చెప్పిన కొలతే వెయ్యి."

వడ్రంగి పెన్సిలు తలుపులక్క చేతికిచ్చాడు. ఆమె గోడకేసి తిరిగి, టేపు పట్టి, నాలుగడుగుల దగ్గర గీత గీసింది. గీశాక కూడా వెంటనే వెనక్కి తిరగలేదు. ఆ గీతనే నెమ్మదిగా ఇంకోసారి దిద్దింది.