వదినె పలకని వాక్యం

దేవుని స్తుతించడం మెత్తని మనసువారి పని అనుకునేవారికి ఈ సంగతి చెప్పి ప్రయోజనం లేదు. కష్టకాలంలో కీర్తనలు చదివితే నెమ్మది కలుగుతుందని నేటి ప్రసంగీకులు తరచుగా చెబుతుంటారు. నెమ్మది కలిగిన సందర్భాలు నేనూ ఎరుగుదును, కాదనను. కాని మా ఇంట ఒక సంవత్సరం పాటు కీర్తన చదవడం పోరాటంగానే సాగింది. పోరాడినది మా వదినె. ఎవరితో పోరాడుతున్నదో ఆమె ఎన్నడూ దాచలేదు.

నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడని ఆ నడిమి సంవత్సరాలలో నేను పంతులమ్మనై మా ఊరికి తిరిగి వచ్చాను. లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరాన, గోదావరి వైపు ఉన్న ఊరు మాది. బోర్డింగు బడిలో ఎనిమిదేళ్ళు, ఉపాధ్యాయ శిక్షణలో రెండేళ్ళు గడిపినదాన్ని. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే మోకరించడం నాకు అలవాటు. మా వాడలో గంట లేదు. మట్టిగోడల మీద పెంకులు కప్పిన క్రైస్తవుల గుడి ఒకటి ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళు నాట్ల నుంచి, కలుపుల నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని అందులో కూర్చునేవారు. ఎవరికి తోచిన పాట వారు ఎత్తుకునేవారు. ఒకరిది ముగియక ముందే మరొకరిది మొదలయ్యేది. ఆ గందరగోళం నేను వారం రోజులు సహించాను; ఎనిమిదవనాడు సహించలేదు.

వారిలో చదువు వచ్చినవారు లేరు. కనుక ఒక పద్ధతి ఏర్పరచాను. బైబిలులోని నూట మూడవ కీర్తనను తీసుకొని, పొడుగైన వచనాలను సగాలుగా విడగొట్టి, కూర్చున్న వరుసలోనే ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం కంఠస్థం చేయించాను. ఒకరి వాక్యాన్ని మరొకరు పలకరాదు. రాని మనిషి ఉంటే ఆమె చోటు వచ్చినప్పుడు అందరూ మౌనంగా ఉండి, తరువాతి వాక్యానికి వెళ్ళాలి. ఇందులో భక్తి ఏమీ లేదని ఒప్పుకుంటున్నాను. అది నా హాజరుపట్టీ. తన చోట పడిన ఖాళీని గురించి ఇరుగుపొరుగు అడిగితే రాని మనిషి సిగ్గుపడి మరునాడు వస్తుందని నా ఆలోచన.

పద్ధతి పారింది. వారం తిరగకముందే ఎవరి వాక్యం వారికి సొంత ఆస్తి అయిపోయింది. మనము మట్టివారమని దేవుడు జ్ఞాపకం ఉంచుకుంటాడనే మాట వచ్చిన ముసలామె, గద్దలా యౌవనం తిరిగి వస్తుందనే మాట వచ్చినామెను చూపించి, నా మీదికి కొట్లాటకు వచ్చింది.

"గామెకేమో గద్ద రెక్కలిచ్చినవ్, నాకేమో మన్నిచ్చినవా పంతులమ్మా? పొద్దంతా మన్నుల్నే ఉంటగదా, గీడికొచ్చినా మన్నేనా?"

రోగాలన్నింటినీ కుదిర్చేవాడు ఆయనే అనే వాక్యం వరుసలో మా వదినెకు వచ్చింది. ఆమె చుట్టూ చూసి నవ్వింది.

"మా ఆడిబిడ్డ నన్ను డాక్టర్‌ని చేసిందుల్లా! రేపటిసంది నాడి నేనే సూస్త."

వాక్యాలు పంచేటప్పుడు వాటిలో ఏమున్నదో నేను చూడలేదు. వరుస మాత్రమే చూశాను.

మా అన్న అడవి నుంచి మంచిర్యాల స్టేషనుకు కట్టెల బండి తోలేవాడు. ఆ చలికాలంలో పట్టుకున్న దగ్గు ఎండాకాలం వచ్చినా వదలలేదు. ఒకనాడు తువ్వాలులో నెత్తురు కనబడింది. కరీంనగర్ తీసుకుపోయాము. డాక్టరు క్షయ అన్నాడు. రెండు ఊపిరితిత్తులూ చెడినవని, రావడం ఆలస్యమైందని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. తిరుగు ప్రయాణంలో మోటారుబస్సు దిగకముందే వదినె ఆ మాటను నా ముఖంలోనే చదువుకున్నది.

ఆ సాయంకాలం కీర్తన మొదలైంది. వరుస వదినె దగ్గరకు వచ్చి ఆగిపోయింది. మరచిపోయిందనుకొని మొదటి పదం అందించాను. ఆమె నా వైపు చూసింది గాని పెదవి కదపలేదు. తరువాతి వాక్యం అన్ననూ నన్నూ కన్న మా అవ్వది. అవ్వ కొంతసేపు కోడలి ముఖం చూసి, తన మాట తాను చెప్పింది. కీర్తన ముగిసింది. అందరూ లేచిపోయిన తరువాత నేను వదినెను నిలబెట్టి అడిగాను.

"యాది మరిచినవా?"

"మరువలే."

"మరి?"

"నేనన. చేసి సూపెట్టుమను, అప్పుడంట."

"అట్లయితే నీ వాక్యం ఇంకొకరికి ఇస్తాను."

"ఎట్లిస్తవ్? నాది. నువ్వే ఇచ్చినవ్ గదా. రాకుంటే జాగ ఖాళీగ ఉంచుమన్నది నువ్వే. నేను రోజూ వస్త. నోరు తెరువ. గంతే."

"ఇది దేవుని మందిరం, బజారు కాదు."

"ఎరికే. గందుకే గీడ కూసున్న. బజార్ల కూసుంటే ఆయనకు కానొస్తనా?"

అప్పటి నుంచి ప్రతి సాయంకాలమూ కీర్తన మూడవ వచనం నడుమ తెగిపోయేది. వదినె రాని దినం లేదు. పొద్దున అన్నను బండిలో కూర్చోబెట్టి, లక్సెట్టిపేట దాకా తాను పక్కన నడిచి, కంపౌండరు చేత అతనికి సూది వేయించేది. వచ్చి పొలం పనికి పోయేది. గుడ్డు ఉడకబెట్టి, పాలు కాచి అతనికి తాగించేది. దీపాల వేళకు గుడిలో తన చోట కూర్చునేది. ముందరి వాక్యాల వారు చెబుతుంటే తల వంచుకొని వినేది. తన వంతు రాగానే తల ఎత్తేది. ఆ మౌనం ఎంతసేపు సాగాలో ఆమే నిర్ణయించేది. ఆమె తల ఊపితేనే అవ్వ అందుకునేది.

అన్న దగ్గు వల్ల లోపలికి రాక, గుడి చూరు కింద గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఇంటికి పోతూ వదినెను అడిగేవాడు.

"ఇయ్యాల గూడ లడాయేనా?"

"నువ్వు జర సప్పుడు జెయ్యకు. గిది నాకూ, ఆయనకూ."

"ఆయన పెద్దోడే!"

"అయితే కానీ. పెద్దోడు గనుకనే అడుగుతున్న. సిన్నోనితోని నాకేం పని?"

అన్న నవ్వి, నవ్వినందుకు దగ్గేవాడు.

నాకు నవ్వు రాలేదు. నా పద్ధతికి నా ఇంటి మనిషే గండి కొట్టింది. సంఘపెద్ద నా వద్దకు వచ్చి, "దేవునితోని మొండితనమేంది పంతులమ్మా? నీ ఇంటిదానికే నువ్వు చెప్పుకోలేకపోతివి," అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. చుట్టుపక్కల గుడులన్నింటి మీద పెద్దయిన పాదిరి, పై అయ్యగారు, మా సంఘాన్ని చూడడానికి వస్తున్నారని కబురు వచ్చినప్పుడు, ఆ ఒక్క సాయంకాలానికైనా వాక్యం పలుకుమని వదినెను అడిగాను. బతిమాలాను అంటే నిజం. బతిమాలడం నాకు అలవాటు లేని పని.

"అయ్యగారొస్తే మీ అన్న దగ్గు ఆగుతదా?" అన్నది.

"ఆగదు."

"మరి గాయన కోసం ఎందుకనాలె?"

అయ్యగారు వచ్చారు. స్త్రీలు తెల్ల కొంగులు తలమీద కప్పుకొని వరుసగా కూర్చున్నారు. కీర్తన చక్కగా సాగి, సాగవలసిన చోట ఆగింది. పాపం, ఆమెకు గుర్తు రావడం లేదని అయ్యగారు అనుకున్నారు. దయగల గొంతుతో ఆ వాక్యాన్ని తామే అందుకున్నారు. రెండు పదాలు పూర్తి కాకముందే మన్ను వాక్యం ముసలామె చెయ్యి ఎత్తింది.

"అయ్యా, జర ఆగుండ్రి. అది గామెది."

"ఆమె పలకడం లేదు కదమ్మా."

"పలకకున్నా గామెదే. మీరు అనద్దు."

పక్కనున్నవారు కూడా "అనద్దయ్యా, అనద్దు," అన్నారు. అయ్యగారు నోరు మూసుకున్నారు. అంతటి పెద్దమనిషిని ఆ మౌనంలో కూర్చోబెట్టి, వదినె ఆ దినం రోజుకంటె ఎక్కువసేపే తల ఊపలేదు. ప్రార్థనలో కూడా దోమలు కొట్టుకుంటూ, అటూ ఇటూ చూసే మనుషులు ఆ ఖాళీలో మాత్రం ఊపిరి బిగబట్టి ఉండడం నేను మొదటిసారిగా గమనించాను.

తరువాత అయ్యగారు నన్ను మా ఇంటి అరుగు మీదికి పిలిచారు. సంగతి అంతా విన్నారు.

"ఇది అవిశ్వాసం. ఆమెకు లోబడడం నేర్పండి. రేపటి నుంచి ఆ వాక్యం మరొకరికి ఇవ్వండి," అన్నారు.

ఆయన చెప్పినదే నేను ఏడు నెలలుగా వదినెతో చెబుతూ ఉన్నాను. ఆయన నోట విన్నప్పుడు మాత్రం అది నాకు తప్పుగా వినిపించింది. అవిశ్వాసి రోజూ ఎందుకు వస్తుంది? ఎదుట ఎవరూ లేరని అనుకునే మనిషి అలా తల ఎత్తి ఎవరి కోసం కాచుకుంటుంది?

"అయ్యగారూ," అన్నాను, "రానివారి చోటు ఖాళీగా ఉంచాలని నియమం పెట్టాను. ఒకరిది మరొకరు పలకరాదని నియమం పెట్టాను. వచ్చి మౌనంగా కూర్చున్నవారి చోటు తీసివేయాలని నియమం లేదు. లేని నియమానికి నేను శిక్ష వేయలేను."

"నియమం మీరు పెట్టినదే కదా, మార్చండి."

"మార్చను."

ఆయన భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు. గోడ అవతల చాటతో బియ్యం చెరుగుతున్న వదినె అంతా విన్నది.

"పంతులమ్మా, మొండిదాన్ని నేననుకుంటి. నువ్వు నాకంటే జాస్తి ఉన్నవ్," అన్నది.

ఆ వారంలో నేను కీర్తనలన్నీ మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదివాను. బోర్డింగులో మాకు స్తోత్రం ఉన్నవి ఏరి కంఠస్థం చేయించారు. ఏరకుండా విడిచినవాటిలో ఏమున్నదో ముప్పై ఏళ్ళ వయసు సమీపిస్తుండగా తెలుసుకున్నాను. ఎంతకాలమని అడిగేవారు, ముఖం ఎందుకు దాచుకున్నావని నిలదీసేవారు, నిద్రపోతున్నావా లెమ్మని కేకవేసేవారు ఆ గ్రంథం నిండా ఉన్నారు. వారిని ఎవరూ వరుసలో నుంచి లేపి పంపించలేదు. స్తుతించినవారి పక్కనే వారినీ కూర్చోబెట్టారు. విశ్వాసమంటే తల వంచడం మాత్రమేనని నాకు నేర్పినవారు ఆ గ్రంథాన్ని సగమే చదివారు. ఇది నేను ఎవరి ముఖం మీదనైనా చెబుతాను, చెప్పాను కూడా.

ఆ మీది వానాకాలంలో, గోదావరి నిండుగా పారుతున్న రోజులలో, ఒక మధ్యాహ్నం అన్న చనిపోయాడు. చివరి రెండు రోజులు మాట లేదు. వదినె చేయి అతని రొమ్ము మీద ఉండగానే ఊపిరి నిలిచింది.

మరునాడు పొద్దున వాన తెరిపి ఇచ్చినప్పుడు సమాధుల దిబ్బకు తీసుకుపోయాము. గుంతలో ఊరిన నీళ్ళు తోడి పెట్టెను దించారు. మా సంఘంలో సమాధి వద్ద కూడా ఆడవాళ్ళు వరుస కట్టి ఆ కీర్తననే చెప్పడం అప్పటికి ఆచారమైపోయింది. సంఘపెద్ద ముందుకు వచ్చి, ఈ పూటకు యెహోవా నా కాపరి అనే చిన్న కీర్తన చాలునన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ ఒక్క చోటును తప్పించాలని చూశాడు.

"వద్దు," అన్నది వదినె. "మనదే చెప్పుండ్రి."

"గా మాట కాడ ఎట్ల బిడ్డా?"

"నేనున్న గదా. గిన్ని దినాలు నోరు మూసుకొని అడిగిన. ఇగ నోరు తెరిచి అడుగుత. ఆయన మాట ఆయనకే ఇనిపిస్త."

కీర్తన మొదలైంది. పాపాలు క్షమించే మాట చెప్పవలసిన ఆమె చెప్పి ముగించింది. వదినె తల ఎత్తింది. రోగాలన్నింటినీ కుదిర్చేవాడు ఆయనేనని, తెరచి ఉన్న గుంత పక్కన నిలబడి, ఒక్క అక్షరం తగ్గకుండా పలికింది. అందులో ఏడుపు లేదు. ఓదార్పూ లేదు. పంచాయితీలో నలుగురి ఎదుట మాట ఇచ్చిన మనిషిని పేరు పెట్టి పిలిచే గొంతు అది. దానిని స్తోత్రం అనవచ్చునా అని నన్ను అడిగినవారు ఉన్నారు. అంతకంటె గట్టి స్తోత్రం నేను వినలేదు.

తరువాతి వాక్యం అవ్వది. సమాధిలో నుంచి ప్రాణాన్ని విడిపించేవాడు ఆయనే అని ఆమె చెప్పాలి. అవ్వ కొడుకు పెట్టె వైపు చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఎవరో జాలిపడి ఆ వాక్యం అందుకోబోయారు. వదినె చెయ్యి అడ్డం పెట్టింది.

"అను అత్తా. నీదే."

అవ్వ పెదవులు కదిలినవి. మాట బయటికి రాలేదు.

"ఇనవడలే," అన్నది వదినె. అత్త భుజం పట్టుకొని నిలబెట్టింది. "జర గట్టిగ అను. ఆయనకు ఇనవడాలె."

అవ్వ కొంగు తీసివేసి, మళ్ళీ అన్నది.