నిమ్మకాయ తీగ ఈల

అశోక్‌నగర్‌లో విద్యాసాగర్ గారి చెవులకు పెద్ద పేరు. ఆ పేరు తెచ్చింది ఆయనే, ఊరంతా చాటిందీ ఆయనే. నారాయణగూడలో చాయ్ తాగుతూ, దూరాన వచ్చే బస్సుకు ఏ చక్రం అరిగిందో చెప్పేవారు. బస్సు కిందికి దూరి చూసినవాడు లేడు కాబట్టి ఆయన మాట ఎన్నడూ తప్పలేదు.

ఊరి చివర ఒక ప్రైవేటు ప్రయోగశాలలో ఆయన ఉద్యోగం. సొరంగంలాంటి పెద్ద గదిలో గాలిని హోరున వదిలి, అందులో విమానం ప్రొపెల్లర్‌ను తిప్పి, అది ఎంత చప్పుడు చేస్తుందో మైకులతో కొలుస్తారు. దసరాకు ఆయుధపూజ చేసి, చిక్కడపల్లిలో కొన్న నిమ్మకాయ మిరపకాయల దండను ఆయనే మైకు స్టాండుకు కట్టారు. అంత ఖరీదైన యంత్రానికి దిష్టి తగలకూడదు కదా.

దీపావళి దాటాక యువ ఇంజనీరు నవత తయారుచేసిన ప్రొపెల్లర్ పరీక్షకు వచ్చింది. మూడేళ్ల కష్టం. చప్పుడు తగ్గిందని తేలితే ఫ్యాక్టరీకి, లేదంటే తుక్కులోకి. గాలి వదలగానే సన్నగా ఈల మొదలైంది.

"రెక్క అంచుల లోపమున్నదమ్మా. నా చెవి అబద్ధం చెప్పదు," అన్నారు విద్యాసాగర్. నవత ముఖం వాడిపోయింది. ఆయనకు జాలి వేసింది, అంతటి జాలి గుండె తనకున్నందుకు ముచ్చట కూడా వేసింది.

మర్నాడు ఆఖరి పరీక్ష. గాలి వదలకముందు ఖాళీ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం అక్కడి పద్ధతి. రికార్డింగు మీట నొక్కి, ఎందుకో అనుమానం వచ్చి, మైకు చూసుకుందామని ఆయన లోపలికి వెళ్లారు. ఊడ్చే బాలనాగమ్మ అక్కడే ఉంది.

"సారూ, మీరు కట్టిన నిమ్మకాయ ఎండి రాలిపాయె, ఉత్త ఇనుప తీగ మిగిలింది. నిన్న కూసింది గదే కావచ్చు. మా బస్తీల రేకుల మీది తీగ గాలికి గట్లనే కూస్తది."

విద్యాసాగర్ గబుక్కున తలుపు వైపు చూశారు. తీగ తెంపి జేబులో వేసుకున్నారు. "ఈ ముచ్చట ఎవ్వరికీ చెప్పకు," అన్నారు.

ఆ రోజు ఈల లేదు, ప్రొపెల్లర్ గెలిచింది. 'నా ప్రత్యేక సవరణతో లోపం తొలగింది' అని ఆయన నివేదిక రాశారు. పెద్దలు మీటింగు పెట్టి శాలువా కప్పారు.

అప్పుడు నవత లేచింది. "సార్ చేసిన సవరణ ఏందో అందరం ఒకసారి విందాం," అని ఆనాటి ఖాళీ గది నిశ్శబ్దం రికార్డును స్పీకర్లో పెట్టింది.

ముందు చీపురు చప్పుడు, తర్వాత బాలనాగమ్మ గొంతు, టప్పుమని తీగ తెగడం, ఆ వెంటే విద్యాసాగర్ గొంతు. ఆయన సిగ్గుతో శాలువా అంచులు పట్టుకుని కూర్చున్నారు. బాలనాగమ్మ మాట మీదే నిలబడింది, ఎవ్వరికీ చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పొద్దని మైకుకు మాత్రం ఆయన చెప్పలేదు.