నర్సమ్మ ఖాళీ గుప్పిట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున ఒక ఆట ఉండేది. ఆట అని నేనూ మా తమ్ముడూ అనుకునేవాళ్లం. పక్కింట్లో ఉండే దవాఖాన నర్సమ్మ తన చేతి గడియారం విప్పి గుప్పిట్లో పెట్టుకుని వాడి వెనక నిలబడేది. ఆ గుప్పిటను దూరం నుంచి మెల్లగా వాడి చెవి దగ్గరికి తెచ్చేది. టిక్కుటిక్కు వినబడగానే వాడు వేలెత్తాలి. ఎదురుగా పీట మీద కూర్చుని చూడడం నా పని. వేలెత్తితే ఇద్దరికీ చెరో పిప్పరమెంటు.

మా తమ్ముడికి పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. తలసేమియా అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నెలకోసారి జహీరాబాద్‌లో బస్సెక్కించి హైదరాబాద్ తీసుకెళ్లి రక్తం ఎక్కించుకొచ్చేవారు. ఆ రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుంటుందనీ, చివరికి గుండెను తినేస్తుందనీ అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. ఇనుమును బయటికి తోసే మందు బొంబాయిలో దొరికేది. బొంబాయి రోడ్డు మీద మా బాపుకు చిన్న చాయ్ హోటలు ఉండేది కాబట్టి, లారీ డ్రైవర్లే ఆ సీసాలు తెచ్చిచ్చేవారు. సాయంత్రం నర్సమ్మ నేర్పినట్టుగా బాపు మందు కలిపి పెట్టేవాడు. ఆమె వచ్చి తమ్ముడి పొట్ట మీద చర్మం కింద సూది గుచ్చేది. చిన్న పంపు ఒకటి తెల్లారేదాకా మందును కొంచెం కొంచెంగా ఎక్కించేది.

మందు పనిచేస్తుంటే ఒంటేలు ఎర్రగా వస్తుంది. ఆ ఎరుపు చూసి సంబరపడే ఇల్లు మా గల్లీలో మాదొక్కటే. బాపు పొద్దున్నే ఆ రంగు చూశాకే హోటలు తెరవడానికి వెళ్లేవాడు. రెండేళ్లయ్యాక రంగు పలచబడింది. మందులో సత్తువ తగ్గిందనుకున్నాడు బాపు. ఎవరికీ చెప్పకుండా రోజూ ఒక సీసా ఎక్కువ కలపడం మొదలుపెట్టాడు. ఒంట్లో ఇనుము తగ్గితే రంగూ తగ్గుతుందనీ, అప్పుడు మందు కూడా తగ్గించాల్సి రావచ్చనీ ఆయనకేం తెలుసు!

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, గుప్పిట ఎప్పటి చోటికి వచ్చినా తమ్ముడి వేలు లేవలేదు. బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. రోజూ సూది పొడిపించుకునే పిల్లాడు, ఈ ఒక్క ఆటైనా గెలవనీ అనిపించింది. కనుబొమ్మలు ఎగరేశాను. వాడు టక్కున వేలెత్తాడు. ఇక ప్రతి ఆదివారం అదే వరస. ఎంత తెలివైనదాన్నో అని పిప్పరమెంటు చప్పరిస్తూ మురిసిపోయాను.

మూడు నెలలు గడిచాయేమో. ఒక ఆదివారం గుప్పిట ఎప్పటిలాగే వచ్చింది. నేను కనుబొమ్మలు ఎగరేశాను, వాడు వేలెత్తాడు. నర్సమ్మ గుప్పిట తెచ్చి నా ముందు విప్పింది. అందులో ఏమీ లేదు. గడియారం ఆమె ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కనే చతికిలబడింది. "ఎన్ని రోజులసంది సైగ చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "ఈ మందు ఎక్కువైతే చెవులను కొడ్తది. గందుకే వారం వారం చూస్తున్న. జర ముందుగాల ఎర్కైతే డాక్టర్‌కు చెప్తుంటిమి గద" అంది.

గుమ్మంలో నిలబడి విన్న బాపు లోపలికి వచ్చాడు. "రోజు ఒక సీసా ఎక్కువ కలిపిన అక్కా. రంగు వస్తలేదని ఫికరైంది" అన్నాడు. బాపు ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

"రంగు జూసి గాదన్నా. రక్తపరీక్ష జూసి డాక్టర్ ఎంత జెప్తే గంతనే" అంది నర్సమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది.

హైదరాబాద్‌లో డాక్టరు మందు కొన్నాళ్లు ఆపి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించాడు. వినికిడి కొంత తిరిగొచ్చింది, కొంత రానేలేదు. సైకిల్ బెల్లు, అమ్మ గాజుల చప్పుడు లాంటివి వాడికి మళ్లీ వినబడలేదు. మందు మానితే గుండెకు భయం, పెంచితే చెవులకు భయం. సూది గుచ్చే వేళకు అందరం వాడి చుట్టూ కూర్చునేవాళ్లం. అంతకుమించి ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత ఆరేళ్లు ఉన్నాడు. చివరికి ఆ గుండే ఆగిపోయింది.

పోవడానికి ముందటి ఏడాది వాణ్ణి అడిగాను, నా మీద కోపం లేదారా అని. "లేదక్కా. వినవడకున్నా నువ్వు చెప్తుంటే మంచిగనే ఉండె" అన్నాడు.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతోంది. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా, డాక్టరు ముందు వాళ్లనే మాట్లాడనిస్తాను. వాళ్ల తరఫున "బాగానే ఉంది" అని నేను అనను. తమ్ముడు గెలవాలనే ఆ సైగ చేశానని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. వాడికి వినబడడం లేదని నాకు ఆ మొదటి ఆదివారమే తెలుసు.