ఫ్రెంచ్ మేడమ్ మొక్కు

2024 డిసెంబరు 4, బుధవారం. డల్లాస్ విమానాశ్రయం నుంచి ఇర్వింగ్ వెళ్లే హోటల్ షటిల్‌లో నా పక్కన కూర్చున్న ఫ్రెంచ్ వృద్ధురాలు, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకొని కళ్లు మూసుకున్నది. తమ పార్లమెంటులో అవిశ్వాస తీర్మానంపై ఓటింగ్ జరుగుతోందని చెప్పింది.

"మీ ప్రభుత్వం నిలబడుతుంది లెండి, మేడమ్," అన్నాను ఓదార్పుగా.

"అయ్యో, అలా అనకండి! అది పడిపోవాలి."

ఆమె కొడుకు ప్యారిస్‌లో ఒక మంత్రి కార్యాలయంలో ఉద్యోగి. ఆ మంత్రి ఉన్నంతకాలం అతనికి క్రిస్మస్ సెలవు దొరకదట. ఇర్వింగ్‌లోని కూతురింట్లో తన పిల్లలిద్దరినీ ఒక్కచోట చూసుకోవాలని ఆమె ఆశ.

"ఇంతకూ ఎంపీలను ఏ రిసార్టులో ఉంచారు?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. మా వైపు ప్రభుత్వం ఊగిసలాడితే, సభ్యులు గోడ దూకకుండా బస్సుల్లో రిసార్టుకు తరలించి, ఫోన్లు కూడా తీసేసుకుంటారని వివరించాను.

"ఫోన్లు కూడానా! మా వాడిని అక్కడికే పంపవలసింది. మంత్రికి దొరికేవాడు కాదు."

అంతలో ప్రభుత్వం పడిపోయిందన్న వార్త వచ్చింది. ఆమె చప్పట్లు కొట్టింది. సంగతేమిటో తెలియని ప్రయాణికులు సైతం అభినందించారు.

"పండుగ దాకా కొత్తది రాకూడదని మీరూ మొక్కుకోండి," అని నాకు చెప్పి దిగిపోయింది.

డిసెంబరు 23న కొత్త మంత్రివర్గం ఏర్పడిందని చదివాను. ఫ్రాన్స్ క్షేమం నాకు తట్టనే లేదు. ఆ అబ్బాయి 22నే విమానం ఎక్కి ఉండాలని మాత్రం గట్టిగా కోరుకున్నాను.