దిల్‌సుఖ్‌నగర్ లిఫ్టుల పదిహేడు నిమిషాలు

నేను నర్సును. ఎల్బీనగర్‌ల ఒక ప్రైవేటు దవాఖానల పన్నెండేండ్లు చేసిన. పానం పోయినోళ్ల కండ్లు నా చేత్తోనే మూసిన, ఇంటోళ్లు వచ్చేదాక వాళ్ల పక్కన ఒక్కదాన్నే కూసున్న. దయ్యాలుంటే అందరికంటె ముందు నాకే కనపడాలె గద. ఒక్కనాడు గూడ ఏం కనపడలె. మేం చర్చికి పోయేటోళ్లం, ఇంట్ల అసొంటి ముచ్చట్లు రానియ్యం. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, కింద రాసింది చదివి ఈమెకు ముందు నుంచే గీ పిచ్చి ఉన్నదనుకోవద్దని.

కొన్నేండ్ల కింద మస్కట్ పోదామనుకున్న. అక్కడ ఒక ఇంట్ల మంచం పట్టిన ముసలామెను చూసుకునే పని. మా దవాఖానల ఆయమ్మ ఒకామె ఏజెంటు ఆఫీసు చూపిచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పాత కాంప్లెక్సు, నాలుగో అంతస్తు. ఆఫీసు మేడమ్‌ది ఆంధ్ర సైడు, మెల్లగ మాట్లాడుతది. బయట అందరు చెప్పినదాంట్ల సగం ఖర్చుకే పంపిస్తనన్నది. విజిట్ వీసా మీద పోవాలెనంట, పోయినంక పని వీసాకు మారుస్తరంట. పాస్‌పోర్టు మాత్రం ముందుగాలనే వాళ్ల చేతిల పెట్టాలె.

మా ఆయన దానియేలు మన్సూరాబాద్‌ల టైల్స్ దుకాణంల చేస్తడు. ఆయనకు జర అనుమానమే ఉండె. కానీ సగం మిగులుతదంటే ఇద్దరం మెత్తబడ్డం.

పాస్‌పోర్టు ఇద్దామని పోయిన్నాడు పొద్దున పదకొండు అయితుండె. లిఫ్టు చిన్నది, నలుగురు పడితే ఎక్కువ. నేను ఎక్కంగనే వెనక మూలకు ఒకామె నిలబడి ఉన్నది. నలభై ఏండ్లుంటయేమో. తలకు స్కార్ఫు కట్టుకున్నది, చేతిల ఏం లేదు. నాలుగు నొక్కిన. రెండో అంతస్తు దాటంగనే పెద్దగ కుదిలి ఆగిపోయింది. లైటు పోయింది, ఫ్యాను పోయింది.

బటన్లన్ని నొక్కిన, తలుపు కొట్టిన. ఎవ్వరు పలకలె. దానియేలుకు ఫోన్ చేస్తే కలిసింది. కాంప్లెక్సు పేరు చెప్పి ఎవరికన్న చెప్పమన్న. ఆయన తన ఫోన్ కట్ చెయ్యకుండ, పక్కాయన ఫోన్ తీస్కొని ఏజెంటు ఆఫీసుకు చేసిండు. నా ఫోన్ చేతిల అట్లనే ఉన్నది.

ఎంతమందికో ఊపిరి ఎట్ల తీసుకోవాలెనో చెప్పిన దాన్ని, నాకే ఊపిరి ఆడలె. నాలుగు దిక్కుల ఇనుము, చెయ్యి చాపితే గోడ తగులుతున్నది. చెమటకు జాకెటు తడిసిపోయింది. ఇగ ఈడనే పోతననుకున్న.

అప్పుడు ఆమె మాట్లాడింది. ఊపిరి గుంజుకోకు, మెల్లగ బయటికి వదులు అన్నది. వదిలిన. కొంచెం నిమ్మళమైంది. చీకట్ల ఆమె మొకం కనపడలె.

“పాస్‌పోర్టు ఇయ్యనీకే పోతున్నవా చెల్లె?” అని అడిగింది.

అవునన్న. జిరాక్సు ఇయ్యి, అసలుది ఎవ్వరికీ ఇయ్యకు అన్నది. పని చేసే ఇంటి అడ్రసు, ఇంటోళ్ల ఫోన్ నెంబరు తెలువంది ఇల్లు కదలొద్దన్నది. తిరుగు టికెట్టు నీ దగ్గరనే పెట్టుకొమ్మన్నది. విజిట్ వీసా మీద పోయి పనిల చేరితే మన సర్కారు లెక్కల నీ పేరే ఉండదు, నువ్వు ఏడున్నవో ఎవరికీ తెల్వదు అన్నది. అన్నీ మార్కెట్‌ల కూరగాయల సంగతి చెప్పినట్టే చెప్పింది.

సగం ఖర్చన్నరక్కా అన్న.

“నాకు గూడ అట్లనే అన్నరు.”

ఎక్కడ చేసినవక్కా అని అడిగిన.

“ఇల్లు మంచిదే. నా రూముకే లోపలి దిక్కు గడియ లేకుండె. బయట ఉండె.”

అయ్యో అన్న. అంతల లిఫ్టు గుంజుకున్నట్టయి కదిలింది, లైటు వచ్చింది. మూడో అంతస్తుల వాచ్‌మన్ తాళంచెవితోని తలుపు తీసిండు. ముందు అక్కను దిగమందామని ఎనక్కి తిరిగిన. లిఫ్టుల నేను తప్ప ఎవ్వరు లేరు.

ఇంకొకామె ఏదని వాచ్‌మన్‌ను అడిగిన. మీరు ఒక్కరే ఎక్కిన్రు గదమ్మా, నేను గేటు కాడ నుంచి చూస్తనే ఉన్న అన్నడు.

ఫోన్ ఇంక కట్ కాలె. పదిహేడు నిమిషాలు చూపిస్తున్నది. చెవి దగ్గర పెట్టుకున్న.

“ఎవరితోని మాట్లాడుతున్నవ్ సుగుణా?” అన్నడు మా ఆయన.

లిఫ్టు కరకరలాడుడు విన్నడు. వాచ్‌మన్ తలుపు తీసింది విన్నడు. నా ఊపిరి విన్నడు. ‘ఎక్కడ చేసినవక్కా’ అని నేను అడిగింది విన్నడు. నడుమల ఇంకో గొంతు మాత్రం లేదు, నువ్వు అడుగుడు, ఊకునుడు, మళ్ల అడుగుడు, అంతే అన్నడు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నడు.

మెట్లెక్కి ఆఫీసుకు పోయిన. ఎందుకు పోయిననో నాకే తెల్వదు. జిరాక్సు ముందట పెట్టి, పని ఇంటి అడ్రసు కావాలన్న. మేడమ్ మొకం మారింది. “ఒరిజినల్ ఇవ్వకపోతే మా దగ్గర కుదరదమ్మా, మీ ఇష్టం” అని జిరాక్సు నా దిక్కు జరిపింది. తీస్కొని కిందికొచ్చేసిన.

గాలి ఆడకపోతే మనిషికి లేనిపోనివి వినొస్తయి. అది నాకు తెల్వంది కాదు, పేషెంట్ల కాడ చూసిన. కానీ విజిట్ వీసా మీద పోతే సర్కారు లెక్కల పేరుండదన్న సంగతి అప్పటికి నాకు తెల్వదు. తర్వాత సర్కారు లైసెన్సున్న ఏజెంటు దగ్గరికి పోతే ఆయన అదే మాట చెప్పిండు. నాకు తెల్వని ముచ్చట నా భయం నాకెట్ల చెప్తది?

ఆ లైసెన్సు ఏజెంటు దగ్గర నుంచే, పూర్తి ఖర్చు పెట్టుకొని మస్కట్ పోయిన. రెండేండ్లు చేసి పానంతోని తిరిగొచ్చిన. వచ్చినంక ఒకపారి ఆ కాంప్లెక్సుకు పోతే ఆ ఆఫీసు ఖాళీ అయింది. స్కార్ఫు కట్టుకున్న ఆమె సంగతి వాచ్‌మన్‌ను మళ్ల అడిగిన. పైకి వందల మంది ఆడోళ్లు పోతుండె, ఎవరని గుర్తు పెట్టుకోవాలమ్మా అన్నడు.

ఏమైందో నాకు ఇప్పటికీ సమజ్ కాలె. ఆమెను దయ్యం అననీకి మాత్రం నోరు రాదు. ఎక్కడో బయట గడియ పెట్టిన రూముల ఇంక బతికే ఉన్నదేమో, అది గూడ నాకు తెల్వదు. ఆదివారం చర్చిల ఎవరెవరి కోసమో పేర్లు చెప్పి ప్రార్థన చేస్తం. ఆ అక్క పేరు నేను అడగలె. పేరు లేకుండనే ఆమె కోసం అడుగుత.