చిన్నోడు సుత యోసేపే

పోయిన నెల చనిపోయిన నా చిన్ననాటి స్నేహితుడు యోసేపు సమాధికి రాతిపలక చేయించాలని ఈ రోజు రాళ్లు చెక్కే కార్ఖానాకు వెళ్లాను. పలక కింద వేయించినవారి పేరు కూడా ఉండాలన్నాడు రాయి చెక్కే అతను. యూసుఫ్ అని చెప్పాను.

"సమాధి యోసేపుది, వేయించేది యూసుఫా? ఆయనకు మీరేమైతరు చాచా?"

రెండూ ఒకటే పేరన్నాను. బైబిల్లో యోసేపే ఖురాన్‌లో యూసుఫ్ ప్రవక్త అని, హీబ్రూలో ఆ పేరుకు 'ఇంకొకరిని చేర్చుగాక' అని అర్థమని వివరించాను.

"మంచిగుంది గనీ, చుట్టరికం చెప్పుండ్రి," అన్నాడు.

నిజాం పాలనను ముగించిన పోలీస్ యాక్షన్ నాటికి నాకు ఏడేళ్లు. బయటికి వెళ్లిన మా నాన్న తిరిగి రాలేదు. సీతాఫల్‌మండిలో మా పక్కింటి యోసేపు వాళ్లమ్మ, తల్లి లేని నన్ను తన ఇంట్లోనే ఉంచుకుంది. ముస్లింల కోసం వెతుకుతూ వచ్చిన కొందరు మనుషులు ఈ పిల్లలెవరని అడిగిన రోజు ఆమె కంగారు పడిపోయి, "ఇద్దరు నా పోరగాళ్లే. పెద్దోడు యోసేపు, చిన్నోడు సుత యోసేపే," అనేసింది. అంత చేతకాని అబద్ధం విని వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి పోయేదాకా యోసేపు నన్ను 'చిన్నోడా' అనే పిలిచాడు.

"తమ్ముడని రాయి," అన్నాను. నా పేరు పక్కన రాసుకున్నాడు.

ఇంటికొచ్చి ఒక్కడినే కూర్చున్నాను. అలా పిలిచేవాడు లేకపోయాక, ఎనభై దాటిన నేను ఇంకా చిన్నోణ్ణేనా? తెలిసినవాళ్లు చెప్పండి.